లక్ష్మీదేవి వెళ్ళలేదు

ఉగ్రనరసింహస్వామి పటం ఇంట్లో పెట్టుకోకూడదని మా అమ్మమ్మ అనేది. అమ్మవారిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న శాంతమూర్తి పటమైతే ఫరవాలేదుట. "ఇద్దరూ ఒకరేగా అమ్మమ్మా?" అని అడిగితే, "ఒకరే. కాని కోపం గుళ్ళో ఉంటే వెళ్ళి ఓ దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం. ఇంట్లో ఉంటే దాంతో కాపరం చెయ్యాలి. ఉన్న కోపాలు చాలవూ?" అని, వంటింట్లోంచి తాతగారి గది వేపు ఓ చూపు చూసేది.

ఈ పట్టింపు మా అమ్మమ్మ ఒక్కదానిదే కాదని ఆళ్ళగడ్డలో తెలిసింది. ఆళ్ళగడ్డ శిల్పుల ఊరు. రోడ్డుకి ఇటూ అటూ రాతి దుమ్ములో దేవుళ్ళు, సగం పుట్టినవాళ్ళు, ముక్కు ఇంకా రానివాళ్ళు నిలబడి ఉంటారు. అక్కడ ఒక పెద్దాయన్ని అడిగాను, నరసింహస్వాముల్లో ఏ రూపం ఎక్కువ చెక్కుతారని. ఆయన ఉలి పక్కన పెట్టి నవ్వాడు. "గుడికైతే ఏ రూపం చెప్పినా చేస్తామమ్మా. ఇంటికి అడిగే వాళ్ళంతా లక్ష్మీనరసింహుణ్ణే అడుగుతారు. ఉగ్రం ఎవురికి కావాల?" అన్నాడు.

ఉగ్రం ఎవరికి కావాలి? ఈ ప్రశ్న పట్టుకునే నేను అహోబిలం కొండ ఎక్కాను. తోడు మా వదినగారు. ఆవిడది నంద్యాల. నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైనా ఆవిడ లెక్కలో ఇప్పటికీ కర్నూలు జిల్లాలోదే. "కొత్త పేర్లు నా నోట తిరగవమ్మాయ్" అంటారు. అహోబిలం మాత్రం ఆవిడ నోట ఎప్పుడూ "ఓబులం". ఆ ప్రాంతంలో అడుగడుక్కీ ఓబులేసులు, ఓబుల్‌రెడ్డిలు, ఓబులమ్మలు. సింహం ముఖం పెట్టుకుని పేగులు చీల్చిన దేవుడి పేరు పసిపిల్లలకి పెట్టుకుని ముద్దుగా పిలుచుకుంటారు. పటం ఇంట్లో పెట్టుకోరు గాని పేరు ఉయ్యాల్లో పెట్టుకుంటారు!

దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదస్వామి గుడి, విజయనగరం నాటి మంటపాలు, స్తంభాలు. అక్కడిదాకా అంతా మర్యాదగా, పెళ్ళివారిల్లులా ఉంటుంది. అక్కణ్ణించి ఎగువకి అడివిదారి. ఎగువ అహోబిలంలో స్వామి గుహలో ఉంటాడు. అదీ దాటి, భవనాశని వాగు పక్కన రాళ్ళ మీదుగా, మెట్ల మీదుగా పైకి వెళ్తే జ్వాలానరసింహుడు. స్తంభం చీల్చుకుని వచ్చి, హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో వేసుకుని చీల్చిన చోటు ఇదే అంటారు. చేతులు కడుక్కున్నాడన్న రక్తగుండం అక్కడే ఉంది. ఇంకా పైన, ఆకాశంలోకి నిక్కి చూస్తున్నట్టున్న పెద్ద బండ ఉక్కుస్తంభం. కుర్రకారు అక్కడికీ ఎక్కుతారు. మేం ఎక్కలేదు. వదినగారి మోకాళ్ళు, నా పిరికితనం, రెండూ ఒక మాట మీదున్నాయి.

మెట్ల మీద మా ముందు నడుస్తున్న ఒక కాలేజీ కుర్రాడు స్నేహితులతో గట్టిగా చెప్తున్నాడు, "ఇది ఒకప్పుడు అగ్నిపర్వతంరా! అది పగిలిందే స్తంభం చీలడమని పురాణంలో రాశారు. జ్వాల అని పేరే ఉందిగా!" అని. వినడానికి ఎంతో బాగుంది. కాని నల్లమల రాయి అలా చెప్పదు. కడప ప్రాంతంలో వేంపల్లి, పులివెందుల వేపు ఏనాటివో లావా రాళ్ళున్న మాట నిజమే. అహోబిలం బండలు మాత్రం వంద కోట్ల ఏళ్ళకి పైమాటే, ఒకప్పటి సముద్రం అడుగున ఇసక పేరుకుని, గట్టిపడి, తర్వాత ముడతలు పడి లేచినవి. దగ్గరికెళ్ళి చూస్తే అట్ల దొంతరలా పొరలు కనిపిస్తాయి. నిప్పులోంచి పుట్టిన కొండ కాదు, నీళ్ళలోంచి పుట్టిన కొండ. దాని నెత్తిన జ్వాల అని పేరు పెట్టుకున్నది మనుషులు.

నిజంగా నిప్పుకొండ మీదే గుళ్ళు కట్టుకున్నవాళ్ళు వేరే ఉన్నారు. మా చెల్లెలు బాలి ద్వీపం వెళ్ళొచ్చి ఫొటోలు చూపించింది. అక్కడ ఆగుంగ్ అని మూడువేల మీటర్ల అగ్నిపర్వతం. దాని వాలు మీద బెసాకి అనే ఆలయాల సముదాయం, ఆ దీవి హిందువులందరికీ తల్లిగుడి లాంటిది. మెట్లు మెట్లుగా ప్రాకారాలు, నల్లటి తాటిపీచు కప్పుల గోపురాలు. 1963లో అక్కడ వందేళ్ళకోసారి చేసే ఏకాదశరుద్ర మహోత్సవం తలపెట్టారు. ఏర్పాట్లు సాగుతుండగా, ఫిబ్రవరిలో కొండ పొగ కక్కడం మొదలుపెట్టింది. ఉత్సవం ఆపలేదు. మార్చి 17న కొండ బద్దలై వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. లావా గుడికి కొద్ది గజాల దూరంలోంచి పక్కకి తిరిగి పోయింది. గుడి మిగిలింది. దేవుడు తన బలం చూపించాడు గాని తన ఇల్లు తను కాల్చుకోలేదని కొందరన్నారు. ముహూర్తం తప్పిందనీ, అందుకే కోపం వచ్చిందనీ కొందరన్నారు. 1979లో ఆ ఉత్సవం మళ్ళీ చేశారు. ఆ కొండ 2017లో మళ్ళీ పొగలు కక్కింది. అయినా ఆ వాలు మీద పొలాలు దున్నుతున్నారు, గుళ్ళో దీపం పెడుతున్నారు. బూడిద పడ్డ నేల బాగా పండుతుందిట.

ఫొటోలు చూస్తున్నంతసేపూ నాకు మనుషుల సంగతే గుర్తొచ్చింది. కోపిష్ఠి పక్కన కాపరం చేసేవాళ్ళందరూ ఇంతే కదా! ఎప్పుడు పొగ వస్తుందో చూసుకుంటూ, లావా ఎటు పారుతుందో అంచనా వేసుకుంటూ, మధ్యమధ్య పండిన పంటకి సంతోషిస్తూ. ముహూర్తం తప్పిందేమోనని తమని తాము తిట్టుకోవడం మరీ తెలిసిన విషయం. కూరలో ఉప్పు తక్కువైందనో, మాట ఎక్కువైందనో అనుకుంటాం. కొండకి మన ఉప్పుతో పనేమిటి?

కాని కొండ కోపం వేరు, నరసింహుడి కోపం వేరు. కొండకి న్యాయం, అన్యాయం లేవు. నరసింహుడిది ధర్మాగ్రహం. కన్నకొడుకుని ఏనుగులతో తొక్కించి, పాములతో కరిపించి, విషం పెట్టి, కొండల మీంచి తోయించిన తండ్రి మీద వచ్చిన కోపం. అలాంటి కోపం రానివాడు దేవుడెలా అవుతాడు? ఆ మాటకొస్తే మనిషెలా అవుతాడు? అంతవరకూ నాకే సందేహమూ లేదు. నన్ను పట్టి పీడించేది తర్వాతి సంగతి. హిరణ్యకశిపుడు చచ్చిపోయాడు. పని అయిపోయింది. కోపం పోలేదు. న్యాయమైన కోపమే, కాని దాని పని అయిపోయాక కూడా మండుతూంటే దాన్ని ఏం చెయ్యాలి? ఎవరు చెయ్యాలి?

భాగవతంలో ఆ ఘట్టం ఒకసారి నిదానంగా చదవండి. మనిళ్ళలో జరిగినట్టే ఉంటుంది. సభలో స్వామి సింహాసనం మీద కూర్చుని మండిపోతున్నాడు. బ్రహ్మ, రుద్రుడు, ఇంద్రుడు, ఋషులు, సిద్ధులు, గంధర్వులు అందరూ వచ్చారు. అందరూ స్తోత్రాలు చేశారు. ఎక్కణ్ణించి? దూరం నుంచి. ఒక్కడూ దగ్గరికి పోలేదు. అప్పుడేం చేశారు? లక్ష్మీదేవిని పంపబోయారు!

ఎంత తెలిసిన ఉపాయం! ఇంట్లో మగవాడు చిందులు తొక్కుతుంటే వీధరుగు మీద చేరిన పెద్దమనుషులు గొంతు తగ్గించి, "నువ్వు వెళ్ళి కాస్త చెప్పమ్మా, నీ మాటైతే వింటాడు" అంటారు. నీ మాట ఏనాడు విన్నాడో వాళ్ళకేం తెలుసు? విననివాడు విసిరిన చెంబు ఎవరికి తగులుతుందో వాళ్ళకేం పట్టింది? కాపురాలు నిలబెట్టిన ఘనతంతా మనకిచ్చి, కాలిన చేతులకి వెన్న కూడా మనల్నే రాసుకోమంటారు.

లక్ష్మీదేవి వెళ్ళలేదు. ఆ రూపం తను ఎన్నడూ చూడలేదనీ, విననైనా లేదనీ భయపడి ఆగిపోయింది. ఇది చిన్నప్పుడు హరికథలో విన్నప్పుడు, అయ్యో, అమ్మవారికి కూడా భయమా అనుకున్నాను. ఈ వయసులో మాత్రం ఆవిడ మీద గౌరవం పెరిగింది. భర్త కదా, వెళ్ళి తీరాలి అనుకోలేదు. వెళ్ళనందుకు ఆవిడ పాతివ్రత్యానికి లోటొచ్చిందని ఏ పురాణమూ అనలేదు. మన పురాణాలు మనల్ని అణచడానికే పుట్టాయని వాదించే మా స్నేహితురాలికి ఈ సంగతి చెప్తే, "ఒక్కసారి వెళ్ళకపోయినందుకే ఇంత పండగా?" అంది. అదీ నిజమే అనుకోండి.

చివరికి బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపాడు. పసివాడు. తిన్నగా వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు. స్వామి లేవనెత్తి తల మీద చెయ్యి పెట్టాడు. అక్కడ చల్లబడ్డాడు. పసిపిల్లవాణ్ణి చూస్తే ఎవరికైనా కోపం పోతుంది అని హరికథల వాళ్ళు సరిపెడతారు. నాకది చాలదనిపిస్తుంది. పసివాడైనందువల్ల కాదు. దెబ్బలు తిన్నది వాడు. ఆ కోపం వాడి తరఫున వచ్చిన కోపం. ఇక చాలు అనే హక్కు ఆ సభలో వాడొక్కడికే ఉంది. బ్రహ్మకి లేదు, ఇంద్రుడికి లేదు, లక్ష్మీదేవికీ లేదు. స్వామి వరం కోరుకోమంటే వాడు తనకంటూ కోరికలే పుట్టకూడదన్నాడు. ఆ తర్వాత మా నాన్నని పాపం నుంచి విడిపించమన్నాడు. నీ తండ్రితో పాటు 21 తరాలు పవిత్రమయ్యాయి, వెళ్ళి ఆయనకి ఉత్తరక్రియలు చెయ్యి అన్నాడు స్వామి. చేశాడు.

ఈ ముక్క నంద్యాల, ఆళ్ళగడ్డ సీమలో నిలబడి తలుచుకుంటే దానికి వేరే బరువొస్తుంది. పగలూ ప్రతీకారాలూ ఏమిటో ఇక్కడివాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. సినిమాలవాళ్ళు దాన్ని సుమోలూ బాంబులూ చేసి అమ్ముకున్నారు గాని, ఆ ఊళ్ళల్లో విధవలైనవాళ్ళ సంఖ్య టిక్కెట్ల లెక్కలో రాదు. హిరణ్యకశిపుడి కథ మొదలైందే పగతో. తోడబుట్టిన హిరణ్యాక్షుణ్ణి వరాహమూర్తి చంపాడు. ఈయన తన వాళ్ళని ఊళ్ళ మీదికి ఉసిగొల్పి తగలబెట్టించాడు. ఒకపక్క అది సాగుతుండగానే, తల్లి దితినీ, తమ్ముడి భార్యనీ కూర్చోబెట్టుకుని ఎంతో వేదాంతం చెప్పాడు. ఆత్మకి చావు లేదు, ఏడవకండి, బంధుత్వాలు బాటసారుల కలయిక వంటివి అని. సుయజ్ఞుడనే రాజు చచ్చిపోతే అతని భార్యలకి యముడు బాలుడి రూపంలో వచ్చి చెప్పిన కథ కూడా చెప్పాడు. ఎంత చక్కటి ఓదార్పో! ఆడవాళ్ళకి ఆత్మజ్ఞానం, తనకి పగ. ఆడవాళ్ళు కన్నీళ్ళు తుడుచుకోవాలి, ఆయన మాత్రం తపస్సు చేసి వరాలు తెచ్చుకుని లెక్క తేల్చుకోవాలి.

ఆ వరసలో తర్వాతి వంతు న్యాయంగా ప్రహ్లాదుడిది. తండ్రిని చంపినవాడు ఎదురుగానే ఉన్నాడు. అక్కడ వాడు పగ అందుకోలేదు. వాడిది రెండు వేపులా ఉన్న హక్కు, తండ్రి చేతిలో దెబ్బలు తిన్నవాడూ వాడే, తండ్రిని పోగొట్టుకున్నవాడూ వాడే. అందుకే వాడి మాట చెల్లింది.

మరి వాళ్ళమ్మ? సినిమాల్లో లీలావతి, సంస్కృత భాగవతంలో కయాధువు. ఈ తంతు అంతా జరుగుతుంటే ఆవిడ ఎక్కడుంది? ఆ సభలో ఆవిడ మాట మనకి వినిపించదు. 1967లో వచ్చిన 'భక్త ప్రహ్లాద'లో అంజలీదేవి వేసిన లీలావతి కళ్ళు నాకిప్పటికీ గుర్తు. మొగుడికీ కొడుక్కీ మధ్య ఉత్తరీయంలా నలిగిపోయింది. అదే అంజలీదేవి 1958లో చెంచులక్ష్మిగా, ఆ కొండల్లోనే ఆ స్వామినే పెళ్ళాడింది. చెంచులు నరసింహుణ్ణి మా అల్లుడంటారు. అల్లుడన్నాక కోపమొచ్చినా భయపడరు, నవ్వుతారు. సంక్రాంతి వెళ్ళగానే, కనుమనాడు మొదలుపెట్టి స్వామి పల్లకీ ఎక్కి ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతాడు, పారువేట అంటారు. ఫాల్గుణంలో తన పెళ్ళికి రమ్మని ఇంటింటికీ పిలుపులు! అంతటి ఉగ్రుడు శుభలేఖలు పంచుకునే పెళ్ళికొడుకయ్యాడు. కోపాన్ని ఇంట్లోకి రానివ్వని మా అమ్మమ్మ మంచిదో, దానికి పిల్లనిచ్చి అల్లుణ్ణి చేసుకున్న చెంచులు మంచివాళ్ళో నేను తేల్చలేను.

జ్వాలానరసింహుడి దగ్గర కొండ మీంచి సన్నగా నీళ్ళు జారుతూంటాయి. దర్శనమయ్యాక ఆ తుంపర పడే చోట బండ మీద కూలబడ్డాం. పక్కన నాకంటే పదేళ్ళు పెద్దదేమో, ఒకావిడ మనవణ్ణి పక్కన పెట్టుకుని చిత్రాన్నం పొట్లం విప్పుతోంది. మాకూ పెట్టింది. వదినగారు మాటల్లోకి దింపారు. ఊరు పేరు చెప్పింది, నేనిక్కడ రాయను.

"మా మామను నరికినారమ్మా" అంది, పక్కింటివాళ్ళ ఆవు ఈనిందని చెప్పినట్టు. "నేను పెండ్లయ్యి వచ్చేసరికే అయిపోయింది. మా అత్త ఆ పొద్దు ఆయన తొడుక్కున్న చొక్కాయి పెట్టెలో దాచిపెట్టె. పండగపండక్కి తీసి, కొడుకులకు చూపిస్తా ఉండె. నా కొడుక్కూ చూపిచ్చింది. వాని కండ్లు ఎట్లైనాయో నేను చూసినా. అంతే, వాణ్ణి తీసకపోయి మా అమ్మోళ్ళింట్లో పెట్టి సదివిస్తి. మా అత్త పోయిన దాకా నాతో మాట్లాడలే."

ఆడవాళ్ళే కోపాలు చల్లారుస్తారని పద్యాలు రాసేవాళ్ళకి ఈ అత్తగారిని చూపించాలి. చల్లార్చేదీ మనమే, రాజేసేదీ మనమే. కాని ఆ అత్తగారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆవిడకి లోకం ఇచ్చిన న్యాయం ఏముంది గనక? కోర్టులో సాక్షులు ఎదురు తిరిగారుట. మిగిలింది ఆ చొక్కా ఒక్కటే. శాంతంగా ఉండమ్మా అని చెప్పడం ఎంత తేలిక, వీధరుగు మీద కూర్చున్నవాళ్ళకి!

"మీ అత్తగారు పోయారు కదా. మరి ఆ చొక్కా?" అన్నారు వదినగారు.

"పెట్టెలోనే ఉండాది."

"తీసెయ్యకపోయావా?"

ఆవిడ చిత్రాన్నం ముద్ద చేతిలో అలాగే పట్టుకుని చాలాసేపు నీళ్ళ వేపు చూసింది. "తీసేదానికి నేనెవురక్కా? ఆయప్ప నాకు మామ గాని నాయన కాదు. పోగొట్టుకున్నది ఆమె. ఆమె చాలు అన్లేదు. ఆమె అనకుండా నేను తీసి పారేస్తే అది తప్పు గాదా? ఉంచుకుంటే వీడు పెద్దోడై పెట్టె తెరిస్తే?" అని మనవడి తల మీద చెయ్యి వేసింది. వాడు ఈ మాటలేవీ పట్టించుకోకుండా కోతికి అన్నం విసురుతున్నాడు.

నేను కొండంతా ఎక్కుతూ గొప్పగా తేల్చుకున్న సిద్ధాంతం అక్కడ ఆగిపోయింది. దెబ్బ తిన్నవాళ్ళకే చాలు అనే హక్కు, సరే. దెబ్బ తిన్నవాళ్ళు ఆ మాట అనకుండానే పోతే? ఆ హక్కు కూడా ఆస్తిలా వారసులకి వస్తుందా? కొడుక్కి వస్తే కోడలికి వస్తుందా? పగ వారసత్వంగా వస్తుందని అందరూ ఒప్పుకుంటారు గదా, మరి క్షమించే అధికారం ఎందుకు రాకూడదు? నేను ఇదంతా ఆవిడతో అనలేదు. అనేటంత చొరవ లేదు, పైగా ఆవిడ నన్ను అడగలేదు.

వదినగారు మాత్రం వెళ్ళేదారిలో మాలోలుణ్ణి కూడా చూసి పొమ్మన్నారు ఆవిడతో. మా అంటే లక్ష్మి, మాలోలుడంటే ఆవిడంటే ఇష్టపడేవాడు. అక్కడ అమ్మవారు ఆయన ఒళ్ళో నిశ్చింతగా కూర్చుని ఉంటుంది. ఒకప్పుడు దగ్గరికి పోవడానికి జంకినావిడే. ఎప్పుడు వెళ్ళింది, ఎంతకాలం ఆగి వెళ్ళింది, ఎవరూ రాయలేదు. ఎవరో పంపితే మాత్రం వెళ్ళలేదు, తనకి తోచినప్పుడు వెళ్ళి ఉంటుంది.

అంతా కలిసే దిగాం. మనవడు కాళ్ళు నొప్పులంటే ఆవిడ వాణ్ణి చంకనెత్తుకుంది, ఆరేళ్ళవాణ్ణి. వదినగారు కాసేపు నేను ఎత్తుకుంటానన్నారు, మోకాళ్ళ సంగతి మరిచిపోయి. దిగువన ఆళ్ళగడ్డ బస్సు కదలబోతోంది. ఎక్కుతూ ఆవిడ వెనక్కి తిరిగి, "అక్కా, ఆ చొక్కాయి భవనాశనిలో వదిల్తే తప్పంటారా?" అంది. వదినగారు ఏదో అనబోయారు. కండక్టరు ఈల వేశాడు.